గాజుతొట్టిలో వారిపర్ణి

ఈ కాలమున పెక్కు పాఠశాలలలో ఒక గాజుతొట్టి కానవచ్చుచున్నది. ప్రధానోపాధ్యాయుని గదిలోనో, విజ్ఞానశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ ప్రక్కనో దానిని నిలుపుదురు. అడుగున రంగుల గులకరాళ్లు, నడుమ ఒక ప్లాస్టిక్ కోట, దాని చుట్టును ఎనిమిదియో పదియో చేపలు. తొట్టి పెట్టిన వారము దినములు పిల్లలు దానిని విడిచిపోరు. మాసము తిరుగకముందే నీరు పచ్చబడును. గాజునకు పాచి పట్టును. చేపలు ఒకటొకటిగ వెల్లకిల తేలును. మూడవ మాసమున తొట్టి ఖాళీయై, విరిగిన గ్లోబుతోను, కాలు లేని కుర్చీతోను కలిసి సామానుల గదికి చేరును. దీనికి కారణము పిల్లల నిర్లక్ష్యమనుకొనరాదు. వారి ప్రేమయే సగము కారణము. వచ్చిన ప్రతి బాలుడును ఒక చిటికెడు మేత వేసి పోవును; నలువది మంది ప్రేమను పది చేపలు భరింపజాలవు.

ఇట్టి తొట్లలో వేగముగ పెరుగు తేలుడు మొక్కలను వేయవలెనని నా అభిప్రాయము. వేయుటయే కాదు, వారమునకొకమారు వానిని తీసివేయవలెను. ఈ రెండవ మాటను మరచినచో మొదటి మాట వలన మేలుకంటె కీడే యెక్కువ. తీసిన మొక్కలను ఎక్కడ వేయవలెనను మూడవ ప్రశ్న యొకటి యున్నది. అది తొట్టికంటె చాల పెద్ద ప్రశ్న.

తెలుగు పాఠము చెప్పువానికి చేపలతొట్టితో నేమి పనియని అడుగువారుందురు. పనియున్నది. అమరకోశము ప్రథమకాండమున వారివర్గమను భాగమున్నది. నదులు, మడుగులు, పడవలు, చేపలు, తామరలు – నీటికి సంబంధించిన పేరులు అందు కూర్పబడినవి. అక్కడ ప్రక్కప్రక్కనే రెండు మొక్కల పేరులు వచ్చును. ఒకటి వారిపర్ణి, దానికే కుంభిక యని మరియొక పేరు. రెండవది జలనీలి, శైవలమనియు దానినే యందురు. మొదటిది మన చెరువులలోని అంతరతామర. రెండవది నాచు, పాచి. వారి యనగా నీరు, పర్ణమనగా ఆకు. నీటిపై ఆకై పరచుకొన్నది వారిపర్ణి. నీటికి తన వన్నెనిచ్చి నీటితో కలిసిపోవునది జలనీలి. ఈ పేరులు పెట్టినవారు చెరువుగట్టున నిలిచి చూచి పెట్టిరే గాని, గదిలో కూర్చుండి పెట్టలేదు. చేపలతొట్టిలో జరుగు కథయంతయు ఈ రెండు పేరుల నడుమ జరుగు పోటీయే. ఒకటి గెలిచినచో రెండవది ఓడును. మనము ఎవరి పక్షము వహింపవలెనో నిర్ణయించుకొనవలెను.

ముందుగ ఆ పోటీ దేనికొరకో చూతము. చేపల మేతలో మాంసకృత్తులెక్కువ. అందలి నత్రజనిలో కొంత చేప శరీరమున చేరును. మిగిలినది అమ్మోనియా రూపమున, ముఖ్యముగ మొప్పల ద్వారముననే, నీటిలోనికి వచ్చును. తినక మిగిలిన మేత కుళ్లినను అదే యగును. అమ్మోనియా చేపలకు విషము. నీటియందును, గులకరాళ్లమీదను పెరుగు కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే; నైట్రేటు అంత హానికరము కాదు. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా యను పేరులు గల ఈ కంటికి కానరాని పనివారు క్రొత్త తొట్టిలో నిలదొక్కుకొనుటకు 4 మొదలు 6 వారములు పట్టును. పాఠశాలల తొట్లలో చేపలు చచ్చునదియు ఆ వారములలోనే. వేడిమి పెరిగినకొలదియు, నీటి క్షారగుణము పెరిగినకొలదియు, అమ్మోనియా మరింత తీవ్రమగును. మన ప్రాంతమున బోరుబావుల నీరు చాల తావుల క్షారగుణము కలది. చైత్రవైశాఖములలో గది నీటి వేడిమి చెప్పనక్కరలేదు. ఇక చివరకు మిగులు నైట్రేటు చేపను వెంటనే చంపకపోయినను, మేతనుండి వచ్చు భాస్వరముతో కలిసి, జలనీలికి విందగును. కిటికీలోనుండి ఎండ తగిలినచో చెప్పవలసిన పనిలేదు.

ఈ అమ్మోనియాను సూక్ష్మజీవులకంటె ముందుగ అందుకొనగలవారు ఇంకెవరైన ఉన్నారా? ఉన్నారు. వేగముగ పెరుగు తేలుడు మొక్కలు నైట్రేటుకంటె అమ్మోనియమునే యెక్కువ ప్రీతితో గ్రహించును. క్రొత్త తొట్టిలో, పనివారింకను రాకపూర్వము, ఈ మొక్కలు చేపలకు పెట్టని కోట. ఈ యొక్క కారణమే చాలును వానిని మొదటి దినముననే వేయుటకు.

నీటిలో మునిగియుండు మొక్కలు ఆ పని చేయవా యనవచ్చును. చేయును, కాని మెల్లగ చేయును. మునిగిన మొక్కకు బొగ్గుపులుసు వాయువు దుర్లభము. ఆ వాయువు నీటిలో వ్యాపించు వేగము, గాలిలో వ్యాపించు వేగములో సుమారు 10,000వ వంతు మాత్రమే. వెలుగును దానికి నీటిలో వడగట్టబడియే చేరును. తేలుడు మొక్కకు ఈ రెండు ఇబ్బందులును లేవు. దాని ఆకు గాలిలో, వేరు నీటిలో. పైనుండి వెలుగును, బొగ్గుపులుసు వాయువును. క్రిందినుండి కావలసినంత ఎరువును. రెండు లోకముల సంపదను ఒక్క ఇంట అనుభవించుచున్న ఈ మొక్క వేగముగ పెరుగుటలో వింత యేమున్నది?

ఎంత వేగమో లెక్కల ఉపాధ్యాయులు పిల్లలచేత చెప్పింపవచ్చును. చెరువుల అంచున పచ్చని పొరవలె పరచుకొను ఒక చిరుమొక్క కలదు. ఆవగింజకంటె పెద్దది, పెసరగింజకంటె చిన్నది. శాస్త్రజ్ఞులు దీనిని లెమ్నా యందురు. అనుకూలమైన చోట ఇది రెండు మూడు దినములకు రెట్టింపగును. మూడు దినములనియే అనుకొందము. 60 సెంటీమీటర్ల పొడవును, 30 సెంటీమీటర్ల వెడల్పును గల తొట్టిలో నీటి పైభాగము 1,800 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క ఆకు 10 చదరపు మిల్లీమీటర్ల చోటు ఆక్రమించిన, 18,000 ఆకులతో నీరు నిండును. 10 ఆకులతో ప్రారంభించినచో 24వ దినమునకు 2,560 ఆకులు. అనగా నీటిలో ఏడవవంతు. చూచువారు ఇంకను చాల చోటున్నదని నిశ్చింతగ నుందురు. 30వ దినమునకు 10,240, సగము దాటినది. 33వ దినమునకు లెక్క ప్రకారము 20,480, చోటే లేదు. నిజమునకు ఇరుకైనకొలది పెరుగుదల మందగించును గాని, ఏడవవంతునుండి నిండు వరకు తొమ్మిది దినములే యను మాట మనస్సున నుంచుకొనదగినది. గుణశ్రేఢిని నల్లబల్లపై ఎన్నిమారులు చెప్పినను కలుగని భయము, ఒక్క గాజుపాత్రలో పది లెమ్నా ఆకులు వేసి ప్రతిదినము లెక్కింపజేసినచో కలుగును.

ఇచ్చటనే నాకును, తేలుడు మొక్కలను మెచ్చుకొను పెక్కుమందికిని అభిప్రాయభేదము. మొక్కలున్నవి గనుక ఇక తొట్టి తనను తాను చూచుకొనునని వారందురు. నీరు మార్చనక్కరలేదట, గాలి పంపు అక్కరలేదట, ప్రకృతియే సర్వమును సమతూకముగ నుంచునట. ఈ సమతూకపు కల నేటిది కాదు. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రవేత్త ఒక పాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా యను నీటి మొక్కను కలిపి యుంచి, చేపలు విడిచినదానిని మొక్కయు, మొక్క విడిచినదానిని చేపలును వినియోగించుకొనునని రసాయన సంఘమునకు నివేదించెను. మొక్క ఆకులు కుళ్లి నీరు చెడుచుండగా, ఆ కుళ్లును తినుటకై చెరువు నత్తలను తెచ్చి వేసెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల యిల్లు తెరచిరి. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకముతో అక్వేరియమను మాట జనుల నోట నిలిచెను. ఆ మాటను మత్స్యాగారమని తెనిగించువారు కలరు. నాకు గాజుతొట్టి యను మాటయే చాలును. ఆగారమనగా ఇల్లు, ఇల్లనగా తలుపు తీసికొని బయటకు పోవు వీలుండవలెను గదా.

వారింగ్టన్ చూపిన సూత్రము సత్యమే. దానినుండి జనులు తీసిన తాత్పర్యము పొరపాటు. తొట్టి మూసియున్న లోకము కాదు. దానిలోనికి ప్రతిదినము మేత డబ్బానుండి ఏదో యొకటి వచ్చి పడుచునే యున్నది. వచ్చునది ఉన్నప్పుడు పోవునదియు ఉండవలెను. మొక్క నీటిలోని నత్రజనిని త్రాగి ఆకుగ మార్చుకొన్నంత మాత్రమున ఆ నత్రజని తొట్టినుండి పోలేదు, రూపము మార్చుకొన్నదంతియే. ఆ ఆకు ముదిరి, పండి, అడుగునకు జారి కుళ్లినచో, త్రాగినదంతయు మరల నీటికే అప్పగించును. చేపల కల్మషమునకు తోడు ఇప్పుడు ఆకుల కుళ్లు కూడ. మొక్క యొక గిన్నె మాత్రమే. నిండిన గిన్నెను బయట పారబోయువాడు మనిషి. ఆ పని చేయకుండ మొక్కలను పొగడుట, మురుగు కాలువ త్రవ్వి దాని చివర మూసినట్లు.

ఎంత తీయవలెనను ప్రశ్నకు స్థూలముగ లెక్క కట్టవచ్చును. పది గప్పీ చేపలకు దినమునకు 0.2 గ్రాముల మేత వేసితిమనుకొందము. ఇది చిటికెడుకంటె తక్కువ. వారమునకు 1.4 గ్రాములు. అందు నూటికి 40 పాళ్లు మాంసకృత్తులైన, మాంసకృత్తులలో నూటికి 16 పాళ్లు నత్రజని గనుక, వారమునకు సుమారు 90 మిల్లీగ్రాముల నత్రజని తొట్టిలో ప్రవేశించినది. పాతిక మొదలు మూడవవంతు వరకు చేపలు తమ దేహమున నిలుపుకొన్నవన్నచో, సుమారు 65 మిల్లీగ్రాములు నీటిపాలు. లెమ్నా వంటి మొక్కలో 100 గ్రాములకు 94 గ్రాములు నీరే. మిగిలిన ఎండు పదార్థములో నూటికి 4 లేక 5 పాళ్లు నత్రజని. కావున వారమునకు సుమారు 25 గ్రాముల పచ్చిమొక్క, అనగా ఒక చిన్న గుప్పెడు, తీసివేసినచో జమాఖర్చు సరిపోవును. ఇది నిక్కచ్చియైన లెక్క కాదు. మేతను బట్టి, వెలుగును బట్టి మారును. కాని ప్రతి చేపకు రెండింతలు మేత వేసినచో గుప్పెడు రెండు గుప్పిళ్లగునని పిల్లలకు తెలియును. చేపలపై ప్రేమకు కొలత యుండవలెనని చెప్పుటకు ఇంతకంటె సులభమైన మార్గము నాకు కనబడలేదు. ఇది కాక నీటిలో నాలుగవవంతును వారమునకొకమారు మార్చవలసినదే. ఆవిరియై పోయిన నీటికి బదులు నీరు పోయుచు పోయినచో లవణములు లోపలనే కూడుకొనును; వానిని ఏ మొక్కయు పూర్తిగ తొలగింపదు.

ఏ మొక్కను వేయవలెను? ఇందు నాకు స్పష్టమైన ఇష్టానిష్టములు కలవు.

లెమ్నాను చేపలతొట్టిలో వేయరాదు. లెక్కించు పాత్రలో వేయవలెను. ఒకమారు తొట్టిలో చేరెనా, దానిని పూర్తిగ తీయుట బ్రహ్మతరము కాదు. వలకు అంటును, చేతి వెండ్రుకలకు అంటును, గాలిగొట్టము వెనుక ఒక్క ఆకు దాగినను చాలును, మరల 33 దినముల కథ మొదలు. అజొల్లాను మన రైతులెరుగుదురు. వరిమడిలో ఎరువుగను, పశువులకును కోళ్లకును మేతగను దానిని పెంచుచున్నారు. దాని ఆకుల గూళ్లలో నివసించు ఒక సూక్ష్మజీవి గాలిలోని నత్రజనినే పట్టి మొక్కకిచ్చును. అందువలననే అది వరిమడికి వరము. అందువలననే చేపలతొట్టికి అంతగ పనికిరాదు. గాలినుండి నత్రజని తెచ్చుకొనగల మొక్కకు నీటిలోని నత్రజనితో అవసరము తక్కువ. పొలమున గుణమైనది తొట్టిలో గుణము కాదు. గుర్రపుడెక్క మాటయే తలపెట్టరాదు. దాని సంగతి క్రిందకు వత్తును.

నా వోటు అంతరతామరకే. ఆకాశతామరయని కూడ దీనిని పిలుచువారు కలరు. చేమ, కంద యే కుటుంబమునకు చెందినవో ఇదియు ఆ కుటుంబమునకు చెందినదే. చెప్పినచో పిల్లలు నమ్మరుగాని లెమ్నాయు ఆ కుటుంబములోనిదే. ఆకులపై సన్నని నూగు ఉండుటచే నీటి బిందువు నిలువక జారిపోవును. తల్లిమొక్కనుండి చిన్న కాడ సాగి, దాని చివర పిల్లమొక్క పుట్టును. ఈ వంశవృక్షమును గాజుగుండ చూపవచ్చును. ఎండలో అరచేతి వెడల్పు దాటునది గదిలోని తక్కువ వెలుతురునకు చిన్నదిగనే యుండును. కుంచెవలె వ్రేలాడు దాని వేరుల నడుమ గప్పీ పిల్లలు తల్లి నోటికి చిక్కక దాగును. అన్నిటికంటె ముఖ్యమైనది, అది లెక్కకు వచ్చు మొక్క. వారాంతమున తొమ్మిదున్నచో ఐదు తీసి నాలుగుంచుము అని ఐదవ తరగతి బాలునికి చెప్పవచ్చును, వాడు చేయగలడు. లెమ్నాకు అట్లు చెప్పలేము.

చెరువునుండి తెచ్చిన మొక్కతో నత్తగ్రుడ్లును, తూనీగ పిల్లలును వచ్చును; తూనీగ పిల్ల చేపపిల్లలను తినును. కావున తెచ్చిన మొక్కను కడిగి, లేత గులాబి వన్నె వచ్చునంత మాత్రము పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటిలో కొన్ని నిమిషములుంచి, మరల కడిగి, వారము దినములు వేరు బకెట్టులో నుంచి వేయుట మేలు. తొట్టిపై మూతను బిగింపరాదు. మూతకు పట్టిన ఆవిరి బొట్టులై ఆకుపై పడుచున్నచో అంతరతామర నడుమ కుళ్లును. ఆకులు పసుపువారినచో ఎరువు చాలకపోవుట కారణము కావచ్చును. చేపలకు అది శుభవార్తయే.

ఇక ఈ మొక్కల వలన చేపలకు కీడు లేదా? కలదు. నీటిపై పూర్తిగ పరచుకొన్న ఆకులు రెండు విధముల హాని చేయును. మునిగిన మొక్కలు ప్రాణవాయువును నీటిలోనికే విడుచును. తేలుడు మొక్క ఆకు దానిని పైగాలిలోనికి విడుచును. కనుక తేలుడు మొక్కలు నీటికి ప్రాణవాయువు నిచ్చునని చెప్పు పాఠ్యభాగములను ఉపాధ్యాయులు జాగరూకతతో చదువవలెను. పైగా ఆకుల దుప్పటి కప్పుకొన్న నీటికి గాలి తగులదు. గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువైనను, నీటిలో కరగునది అత్యల్పము. 20 డిగ్రీల నీటిలో లీటరునకు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. అనగా వేసవిలో చేపకు ఆకలి, ఆయాసము హెచ్చు సమయముననే నీటిలో గాలి తగ్గును. రాత్రి విద్యుత్తు ఆగి గాలి పంపు నిలిచినచో, దుప్పటి క్రింద చేపలు తెల్లవారునప్పటికి నోరు తెరచుకొని పైకి వచ్చును. కొరమీను, గౌరామి, బెట్టా వంటి చేపలు పైకివచ్చి గాలినే పీల్చునవి; వానికి తల ఎత్తు చోటు కూడ లేకుండ జేయుట ఇంకను అన్యాయము.

దీనికి ఉపాయము పది రూపాయల పని. గాలి పంపునకు వాడు సన్నని గొట్టమును మూరెడు కత్తిరించి, రెండు కొసలను కలిపి వలయముగ జేసి నీటిపై వదలిన, అది తేలును. మొక్కలు వలయమునకు బయట, తేట నీరు వలయము లోపల, లేదా అటునిటు. మేత ఆ తేట నీటిలో వేయుదురు, చేపలు అక్కడ గాలి పీల్చును, అడుగున నున్న మొక్కలకు వెలుగు అందు దారియు అదియే. నీటిపై సగమునకు మించి ఆకు కప్పరాదని నియమము పెట్టుకొన్నచో చాలును. సగము నీడ జలనీలిని అణచును; మిగిలిన సగము చేపలను బ్రతికించును.

ఇప్పుడు మూడవ ప్రశ్న. తీసిన మొక్కల నేమి చేయవలెను? సామాన్యముగ జరుగునది, గుమాస్తా బకెట్టును తీసికొనిపోయి ప్రక్క కాలువలోనో, చెరువులోనో కుమ్మరించుట. జీవమున్న వస్తువును జీవమున్న చోట విడిచితిమని, పుణ్యకార్యమని కూడ భావింతురు. ఈ పుణ్యకార్యము వలననే లోకమున ఎన్ని చెరువులు చచ్చినవో చరిత్ర చెప్పుచున్నది.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికాలోని అమెజాను ప్రాంతపు మొక్క. ఊదావన్నె పూల గుత్తి చూచి మురిసి, దేశదేశములవారు తోటల కొలనులలో పెట్టుకొనిరి. 19వ శతాబ్దము చివర బెంగాలునకు వచ్చినది. కొలది దశాబ్దములలో అక్కడి నదులలో పడవలు సాగక, వరిపొలములు మునిగి, చేపలవారి జీవనము పోయి, చివరకు 1936లో ఆ మొక్కను తొలగించుటకై ప్రత్యేకముగ చట్టము చేయవలసి వచ్చెను. ఒక పూలమొక్కపై శాసనసభ చట్టము! సంస్కృత నిఘంటువులలో దానికి పేరు లేకపోవుటలో ఆశ్చర్యము లేదు. ఆ కోశకారులు చూచిన నీళ్లలో అది లేదు. నేడు కొల్లేటిలో, హైదరాబాదు హుస్సేన్ సాగరములో, మూసీలో, డెల్టా కాలువలలో అది లేని చోటు వెదకవలెను. ఆ కలుపు తీయుటకు ఏటేట యంత్రములు, కూలీలు, ధనము. 1982లో దానిని తినెడి ముక్కుపురుగులను విదేశమునుండి మన దేశమునకు తెచ్చిరి. కొన్ని చెరువులలో అవి మేలు చేసినవి. మురుగునీరు వచ్చి పడుచున్న చోట మాత్రము పురుగు తిన్నదానికంటె మొక్క పెరిగినదే యెక్కువ. తొట్టిలో చెప్పిన నీతి చెరువునకును అదియే: మేత ఆపనిదే మొక్క ఆగదు.

కేరళమున సాల్వీనియా యను తేలుడు మొక్క కాలువలను, పొలములను క్రమ్మి ఇట్టి బాధయే పెట్టినది. దానికిని బ్రెజిలే పుట్టినిల్లు; దానిని తిను ముక్కుపురుగును విడిచిన పిమ్మటనే 1980 దశకమున అక్కడివారు కొంత ఊపిరి పీల్చుకొనిరి. నేను మెచ్చిన అంతరతామరయు నిర్దోషి కాదు. మాన్సోనియా జాతి దోమ దాని ఆకుల అడుగున గ్రుడ్లు పెట్టును. ఆ పిల్లలు ఇతర దోమపిల్లలవలె నీటి పైకి రాక, దాని వేరులకు గ్రుచ్చుకొని అందలి గాలినే పీల్చుచు బ్రతుకును. కేరళములోని చేర్తల ప్రాంతమున బోదకాలును వ్యాపింపజేసినవి ఆ దోమలే. అందుచేతనే అక్కడ అంతరతామరను చెరువులనుండి ఏరివేయు పని పెద్దయెత్తున సాగినది. చేపలున్న తొట్టిలో ఆ భయము తక్కువ. వేరుకు పట్టుకొన్న దోమపిల్ల చేపనోటికి త్వరగనే చిక్కును. చేపలు లేని బకెట్టులో, పెరటి గోలెములో, మూలనున్న కుంటలో ఆ కావలి లేదు.

మొక్కలే కాదు, చేపల విషయమున కూడ ఇదే జరుగుచున్నది. గాజునకు పట్టిన పాచిని తినునని చిన్నదానిని కొని, మూరెడు పెరిగిన తరువాత కాలువలో విడిచిన దక్షిణ అమెరికా సక్కరు చేపను కృష్ణా తీరపు జాలరులు దెయ్యపు చేపయనుచున్నారు. దాని ముండ్లు వలలను చించును. బజారులో కొనువాడు లేడు. తొట్టి యజమాని ఒక్క క్షణము చూపిన దయకు వల చినిగినవాడు వెల చెల్లించుచున్నాడు. ఇట్టి దయను బడిలో నేర్పరాదు. తొట్టి ప్రక్కన గోడపై ఒక అట్ట వ్రేలాడదీసి, ఇందలి ఆకు గాని, నత్త గాని, చేప గాని, కడిగిన నీరు గాని చెరువునకు, కాలువకు పోరాదని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. మొక్కలు వేయుటకు ముందే ఆ అట్ట వ్రేలాడవలెను. అట్ట వ్రాయు ఓపిక లేని పాఠశాలలో మొక్కలు వేయకుండుటయే మేలని నా నిశ్చయము.

తొట్టి కడిగిన నీరు చెట్లపాదులలో పోసినచో మంచి ఎరువు. తీసిన మొక్కలను నేరుగ ఎరువుల గుంటలో వేయరాదు. వాన పడి గుంట నిండినచో అవి తేలి సాగిపోవును. బడి మేడపైన ఒక చాటలో పరచి రెండు మూడు దినములు ఎండబెట్టవలెను. ఎండబెట్టుటకు ముందొకమారు, వెనుకనొకమారు తూచి, తేదీతో పుస్తకమున వ్రాయుమని పిల్లలను నియోగింపవచ్చును; 100 గ్రాముల మొక్క ఆరు గ్రాములకు దిగినప్పుడు, నీరు పోగా మొక్క యెంతయో వారే చూతురు. వేసవి సెలవులకు ముందు చేపలను ఎవరి ఇంటికి పంపవలెనో ఫాల్గుణముననే నిర్ణయించుకొనవలెను. చివరి పనిదినమున తొట్టిని ఖాళీ చేసి, మూడు మొక్కలను మాత్రము నీడలో ఒక గోలెమున, రెండు గప్పీలతో సహా, కావలివాని యింట నుంచినచో జూనులో మరల వెదకుకొనవలసిన పని యుండదు. మిగిలినవన్నియు చాటలోనికే, ఎండి గలగలలాడిన పిమ్మట బడి ముంగిట మందారపు పాదులోనికి.